ఊడ్చేసిన వరసలు

ఊరి పక్కన పారే గెడ్డ ఒడ్డున ఒక పెంకుల బట్టీ ఉంది. ఉంది అంటే పేరుకి ఉందంతే, అందులో పెంకులు కాల్చడం మానేసి చాలా కాలమైంది. ఊళ్ళో జనమంతా డాబాలు వేసుకుంటుంటే పెంకులెవరికి కావాలి? పనివాళ్ళు మూటాముల్లె సర్దుకుని ఎవరి దారిన వాళ్ళు పోయారు. బట్టీ మిగిలింది, విరిగిన పెంకుల గుట్టలు మిగిలాయి, ఒక గోనెసంచి మిగిలింది. మన గొడవంతా ఆ గోనెసంచితోనే గనక ముందు దాని సంగతి చెప్పేస్తాను.

బట్టీ మేస్త్రి భార్య పనివాళ్ళ పిల్లలకి అక్షరాలు నేర్పేది. పలకలు కొనే ఓపిక లేక, తడి బంకమట్టిని బిస్కెట్టంత బిళ్ళలుగా కోసి, ఈనెపుల్లతో ఒక్కోదాని మీద ఒక్కో అక్షరం గీసి, పెంకులతో పాటే కాల్పించింది. గుణింతాలు, ఒత్తులు అన్నీ కలిపి సంచెడయ్యాయి. మట్టి మోసే గాడిద అప్పలస్వామి ఆ పాఠాలు జరిగినన్నాళ్ళూ చూరు కింద నిలబడి చెవులు రిక్కించి విన్నాడు. పిల్లలు సగం మరిచిపోయారు గానీ గాడిద ఒక్కటీ మరిచిపోలేదు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. మనుషులు వెళ్ళిపోయాక ఆ సంచి మూతి పళ్ళతో విప్పి, చుట్టుపక్కల జంతువులకి అక్షరాలు నేర్పి, వాటితో ఒక ఆట కూడా కనిపెట్టాడు.

బిళ్ళలన్నీ బోర్లించి మధ్యలో కుప్ప పోస్తారు. తలా పదిహేను తీసుకుంటారు. నీ వంతు, నా వంతు అని ఏమీ లేదు, అందరూ ఒక్కసారే మొదలెట్టాలి. ఎవరి ముందు వాళ్ళు మాటలు పేర్చుకోవాలి, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, ఒకదాన్నొకటి పట్టుకునేలా. చేతిలో బిళ్ళలన్నీ పేర్చేసినవాళ్ళు "తియ్!" అని కేక వేస్తారు. కేక వినపడగానే ప్రతివాళ్ళూ కుప్పలోంచి ఇంకో బిళ్ళ తీసుకుని తీరాలి, కావాలన్నా వద్దన్నా. కుప్ప అయిపోయాక ఎవరు ముందు ముగిస్తే వాళ్ళు "కుప్ప తీరింది!" అంటారు. గెలుపు వాళ్ళది. చూసే వాళ్ళకి ఊపిరాడదు, అంత హడావుడి ఆట అది.

ఆట అయ్యాక అప్పలస్వామి పెట్టిన మర్యాద ఇంకొకటుంది. అందరూ లేచి ఒకరి వరసలు ఒకరు పైకి చదవాలి. దానికి 'చదువుడు' అని పేరు. మేక చుక్కమ్మ వరసల నిండా తినే వస్తువులే ఉండేవి. తవుడు, తుమ్మకాయ, జామాకు. ఆమె బిళ్ళలు చదివేసరికి అందరికీ ఆకలేసేది. "ఆట చిటికెడు, చదువుడు చేటెడు" అని అప్పలస్వామి చెవులూపుకుంటూ మురిసిపోయేవాడు.

ఇక ఆటల్లోకెల్లా పెద్దాట మృగశిర కార్తె వెళ్ళే ముందు రోజు ఆడతారు. అందులో గెలిచినవాళ్ళకి వానాకాలమంతా బట్టీ లోపలి గది. మూరన్నర మందం గోడలు, చుక్క నీరు కారదు, ఎన్నో ఏళ్ళు మండిన ఇటుకలేమో లోపల ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. గెలిచినవాళ్ళు ఎవర్ని పిలిస్తే వాళ్ళు వచ్చి తలదాచుకోవచ్చు. పిలవకుండా గడప తొక్కకూడదు. బట్టీ చట్టం అది.

ఆ గది మూడేళ్ళుగా ఏదుపంది ఏదులమ్మదే.

ఏదులమ్మ చేతి వేగం మీరు చూడలేదు. ఎద్దు పోలయ్య మూతితో ఒక బిళ్ళ నెట్టుకునేలోపు ఆమె ఐదు మాటలు పేర్చేసేది. అలాగని కళ్ళు నెత్తికెక్కిన మనిషి కాదు పాపం. ఆమె కథ వేరు. ఒంటినిండా ముళ్ళు గదా, ఎవరైనా పక్కన కూర్చోవాలంటే భయం. ఒక్క అప్పలస్వామి మాత్రం ధీమాగా వచ్చి ఎడమ పక్కన కూలబడేవాడు. "నా తోలుకి నీ ముళ్ళు దువ్వెనే చెల్లీ, కాస్త గట్టిగా ఆనుకో, వీపు దురదగా ఉంది" అనేవాడు. అలాంటివాడు ఒక ఎండాకాలం మధ్యాహ్నం పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. ఏదులమ్మ ఎడమ పక్క ఖాళీ అయిపోయింది.

ఆ ఖాళీ వైపు చూడలేక ఆమె బిళ్ళల వైపే చూడ్డం మొదలెట్టింది. చేతులు ఆడుతున్నంతసేపూ మనసు గుర్తు చెయ్యదు. ఆట అయిపోగానే గుండె బరువెక్కేది. అందుకని ఆట అయిపోనిచ్చేదే కాదు. "కుప్ప తీరింది!" అన్న మరుక్షణం తోకతో అందరి బిళ్ళలూ ఊడ్చి మళ్ళీ కుప్ప పోసేది.

"అదేంటి ఏదులమ్మా, చదువుడో?" అని చుక్కమ్మ మొదట్లో అడిగింది.

"చదువుడేంటొదినా, టైం దండగ. ఇంకో ఆట వేద్దాం, పట్టు పట్టు."

నాలుగు రోజులడిగి చుక్కమ్మ మానేసింది. పోలయ్య అసలు అడగనేలేదు. ఆయన బట్టీ బండి లాగి లాగి ముసలైన ఎద్దు, నోట్లోంచి మాట రావాలంటే ముహూర్తం పెట్టుకోవాలి. తన వరసలు ఊడ్చేస్తుంటే ఒక్కసారి మూతి ఎత్తి చూసి, మళ్ళీ దించుకునేవాడు. అలా చదువుడు పోయింది. తర్వాత మాటలు కూడా తగ్గాయి. ముగ్గురూ రోజూ సాయంత్రం గుండ్రంగా కూర్చునేవాళ్ళు, బారెడు బారెడు దూరంలో, మూడు తలకాయలూ నేలకేసి. కలిసి ఆడుతున్నారనే అనుకోవాలి మరి.

వానాకాలం వచ్చేసరికి ఏదులమ్మ గెలిచిన గదిలోకి ఒక్కతే వెళ్ళేది. బయట కప్పులేని పాకలో పోలయ్య తడుస్తూ నిలబడేవాడు, చుక్కమ్మ పెంకుల గుట్ట సందులో ముడుచుకునేది. పిలుద్దామని ఏదులమ్మ గడప దాకా వచ్చేది. 'ఈ ముళ్ళదానితో ఒక గదిలో ఉంటారా ఎవరైనా? పిలిచి కాదనిపించుకోవడమెందుకు?' అనుకుని వెనక్కి తిరిగేది. బయటవాళ్ళేమో 'పిలవలేదంటే ఆమెకి ఇష్టం లేదన్నమాట' అనుకునేవాళ్ళు. మూడు వానాకాలాలు ఇలాగే పోయాయి. లోపల పొడిగా ఉన్నది ఒక్కతే, మాట్లాడుకోడానికి గోడలు.

ఈ ఏడు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం అందరూ ఎక్కడివాళ్ళక్కడ కునుకు తీస్తుంటే ఏదులమ్మ ఒక్కతే కూర్చుని ఆడుకుంటోంది. తన ముందు పదిహేను, ఎదుటి ఖాళీ చోటు ముందు పదిహేను. ఇక్కడ పేర్చి "తియ్!" అని కేకేసి, తనకొకటి తీసుకుని, లేచి అటెళ్ళి అక్కడొకటి వేసి, అక్కడ పేర్చి "తియ్!" అని, మళ్ళీ ఇటు పరిగెత్తేది. చూడ్డానికి నవ్వొస్తుంది. నవ్వి ఊరుకునే సంగతి కాదు గానీ.

"ఎవరు గెలుస్తున్నారు అక్కగారూ?" అన్న మాట వినపడింది.

జీడితోట నక్క జంబన్న. నున్నగా దువ్విన తోక, నూనె రాసినట్టుండే మాట. ఏదులమ్మ సిగ్గుపడిపోయి బిళ్ళలు ఊడ్చేసింది.

"ఊరికే... చెయ్యి ఆడకపోతే బిగుసుకుపోతుందని."

"చూస్తే భలే ఆట. అది గెలిస్తే ఈ బట్టీ గది ఇస్తారట గదా? జీడితోటలో చెప్పుకుంటున్నారు."

"పెద్దాట గెలవాలి. నీకు అక్షరాలొచ్చా?"

"అయ్యో, అదేం మాటండీ! నేను పట్నం వీధుల్లో తిరిగిన నక్కని. గోడ మీద రాతలన్నీ చదువుకుంటూ పెరిగాను" అని కాలు మీద కాలేసుకున్నాడు జంబన్న. "ఒక్క సందేహం. గెలిచానని కేకేశాక, ఆ వరస సరిగ్గా ఉందో లేదో ఎవరు చూస్తారు?"

"ఎవరూ చూడరు. టైమెక్కడిది?"

"ఆడేటప్పుడు?"

"ఎవరి బిళ్ళలు వాళ్ళకే సరిపోవు, పక్కకి చూసే తీరికెవరికి?"

జంబన్న మీసాలు ఒక్కసారి కదిలాయి. "చాలా మంచి ఆటండీ. రేపటినుంచి నేనూ వస్తాను" అన్నాడు. ఏదులమ్మకి ఎంత సంతోషమేసిందంటే, ఆ రోజు మధ్యాహ్నం ఇంకెవరితోనూ ఆడలేదు, తనతో కూడా. తనంతట తానుగా వచ్చి ఆడతానన్నవాడు అప్పలస్వామి తర్వాత వీడొక్కడే.

మర్నాడు జంబన్న వచ్చి విరిగిన ఇటుకల దిబ్బ వెనకాల చోటు చూసుకున్నాడు. "నా వరస ఎవరైనా చూస్తే నాకు చెయ్యాడదండీ, దిష్టి కొడుతుంది. ఏమీ అనుకోకండి" అన్నాడు. ఎవరూ ఏమీ అనుకోలేదు. ఆట మొదలైంది. ఏదులమ్మ ఇంకా మూడో మాటలో ఉండగానే దిబ్బ వెనకనుంచి కేక. "తియ్!"

అందరూ తలో బిళ్ళ తీసుకున్నారు. అది ఎక్కడ పెట్టాలో చూసుకునేలోపు, "తియ్!" మళ్ళీ ఊపిరి పీల్చుకునేలోపు, "తియ్!" చుక్కమ్మ ముందు బిళ్ళలు పోగుపడిపోయాయి. పోలయ్య ముందు పేర్చినవాటికన్నా పేర్చనివే ఎక్కువ. కాసేపట్లో "కుప్ప తీరింది!" అని జంబన్న ఇటుకల మీదికెక్కి తోకతో తన బిళ్ళలన్నీ కుప్పలోకి ఊడ్చేశాడు, అచ్చం ఏదులమ్మ ఊడ్చినట్టే.

"ఏం చెయ్యి తమ్ముడూ!" అని చుక్కమ్మ నోరెళ్ళబెట్టింది. "మన ఏదులమ్మని ఓడించావంటే మాటలా?"

పది రోజులు గడిచాయి. పది రోజులూ జంబన్నే. ఏదులమ్మకి తిండి సయించడం మానేసింది. పొద్దున లేచింది మొదలు ఒక్కతే కూర్చుని చెయ్యి వేగం పెంచుకోవడమే పని. ఒకరోజు ఆట అయ్యాక జంబన్న ఆమె దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"అక్కగారూ, మీ మంచి కోరి చెబుతున్నాను. ఆటలో తల ఎత్తకండి. ఎత్తారా, ఒక మాట వెనకబడ్డారన్నమాటే."

"నేనెప్పుడూ ఎత్తను తమ్ముడూ."

"అదే మంచిది. పైగా ఎత్తి చూసినా ఏముంది? వాళ్ళిద్దరూ మీకెంత దూరంగా కూర్చుంటారో చూసి బాధపడ్డమే."

ఆ మాట ముల్లులా దిగబడింది, ముళ్ళున్న ఏదులమ్మకే. గది పోతే ఆమె గతేమిటో ఆమెకి తెలుసు. గెడ్డ గట్టున ఆమె బొరియ ఉంది, మొదటి వానకే నీళ్ళతో నిండిపోతుంది. గెడ్డ దాటి పోవాలి. అవతల ఎవరున్నారు? ఇక్కడ మాత్రం ఎవరున్నారు? కనీసం సాయంత్రమయ్యేసరికి మూడు తలకాయలైనా కనిపిస్తాయి. అదీ పోతుంది.

పెద్దాట రోజు రానే వచ్చింది. గెడ్డకి అవతల మబ్బు పట్టి ఉంది, గాలిలో మట్టివాసన. సంచి గుమ్మరించి బోర్లించారు. నలుగురూ తలా పదిహేను తీసుకున్నారు. చుక్కమ్మ గొంతు సవరించుకుని "కానివ్వండి!" అంది.

ఏదులమ్మ ఆ రోజు ఆడినట్టు ఎప్పుడూ ఆడలేదు. మడుగు, గుమ్మం, మిరప, పరక. వేళ్ళు వాటంతటవే పరిగెడుతున్నాయి. ఐనా దిబ్బ వెనకనుంచి ఆ కేక ఆగదే! "తియ్!" "తియ్!" "తియ్!" ఆమె ఒకసారి కేకేస్తే అతను నాలుగుసార్లు వేస్తున్నాడు. కుప్ప తరిగిపోతోంది. ఆఖరి బిళ్ళలు కూడా లేచిపోయాయి. ఏదులమ్మ చేతిలో రెండే రెండు మిగిలాయి, వాటిని ఎక్కడ పెట్టాలో తోచలేదు. ఇక్కడ ఆనదు, అక్కడ అతకదు.

"కుప్ప తీరింది!" అని జంబన్న గొంతు ఖంగుమంది.

అంతే. గది పోయింది. ఏదులమ్మ చేతులు ఆగిపోయాయి. చెయ్యడానికి ఇంకేమీ లేదు గనక, మూడేళ్ళలో మొదటిసారి, నేల మీద బిళ్ళలు ఉండగానే ఆమె తల ఎత్తింది.

ఎదురుగా పోలయ్య. ఇంకా అవతలి కేక వినపడనట్టే మూతితో ఒక బిళ్ళని మెల్లగా నెడుతున్నాడు. ఆయన ముందు ఎనిమిదో తొమ్మిదో బిళ్ళలు వాడకుండా పడి ఉన్నాయి. పేర్చినవి మూడే మాటలు. తలకిందులుగా కనిపిస్తున్నాయి. ఊడ్చడానికి తోక లేవబోయింది గానీ, ఎందుకో ఆగి, లేచి ఆయన పక్కకి వెళ్ళి చదివింది.

'చెల్లెమ్మా' అని అడ్డంగా. దాని కింద, ఏ అక్షరమూ కలవకుండానే, 'పక్కన'. దాని కింద 'కూర్చోనా'. ఆఖరి బిళ్ళ ఇప్పుడే పెట్టాడేమో, మూతి తడి ఇంకా ఆరలేదు.

"పోలయ్యన్నా" అంది ఏదులమ్మ. "ఇది ఎవరికి?"

పోలయ్య కాసేపు నెమరు వేశాడు. "నీకే."

"ఎప్పుడు రాశావు?"

"రోజూ అదే." మళ్ళీ నెమరు. "అప్పలస్వామి పోయిన మర్నాటినుంచీ. నాకు నోటితో అడగడం రాదు గదమ్మా. బిళ్ళలు దొరికితే మొత్తం రాసేవాణ్ణి, దొరక్కపోతే దొరికినంత మటుకు. నువ్వు చూసేలోపు ఊడ్చేసేదానివి. సరే, రేపు చూస్తుందిలే అనుకునేవాణ్ణి."

మూడేళ్ళు! బారెడు దూరంలో రోజూ ఒకడు అడుగుతూనే ఉన్నాడు, రోజూ తనే తోకతో ఊడ్చేస్తూ వచ్చింది. పైగా నాకెవరూ లేరని ఏడుపు. ఏదులమ్మకి ఏడుపూ వచ్చింది, తనని తానే లెంపకాయ కొట్టుకోవాలనీ అనిపించింది. ఇన్నాళ్ళూ ఆట గెలిచి తను పోగొట్టుకున్నదేమిటో ఆ మూడు మాటల్లో ఉంది.

కళ్ళు తుడుచుకోడానికి పక్కకి తిరిగేసరికి, పోలయ్య ఉన్న చోటినుంచి ఇటుకల దిబ్బ వెనక భాగం కనిపించింది. జంబన్న అప్పటికే విజయగర్వంతో బట్టీ గుమ్మం వైపు నాలుగడుగులు వేశాడు. గెలిచింది పెద్దాట, తర్వాత ఇంకో ఆట లేదు, ఊడ్చే తొందరేముంది? అతని వరసలు అలాగే ఉన్నాయి. అక్షరాలు కొన్ని తలకిందులు, కొన్ని పక్కవాటం. కొన్నిటినైతే అసలు వెల్లకిలా తిప్పనే లేదు, బోర్లా ఉన్నవి ఉన్నట్టే పేర్చేశాడు.

ఏదులమ్మకి విషయం అర్థమైంది. ఒళ్ళంతా ముళ్ళు లేచి నిలబడ్డాయి. 'దొంగా!' అని అరవబోయి ఆగింది. ఓడిపోయింది గనక కుళ్ళుకుంటోందని చుక్కమ్మ అనుకోవచ్చు. పది రోజులుగా ఆ నక్కని నెత్తిన పెట్టుకుని తిరుగుతోంది ఆమె. ముళ్ళు మెల్లగా దించుకుని, మొహాన నవ్వు పులుముకుంది.

"తమ్ముడూ జంబన్నా, గెలిచావు. ఒప్పుకున్నాను. గది నీదే."

"అది మీ పెద్ద మనసండీ."

"ఒక్క కోరిక. మా అప్పలస్వామి అన్న ఒక మర్యాద పెట్టాడు. నా తొందరవల్ల అది మూలపడింది. పెద్దాట రోజైనా జరిపిద్దాం. ఒకరి వరసలు ఒకరు పైకి చదవాలి. గెలిచినవాడివి గనక నీ వరసలు నువ్వే చదువు, మేము విని ఆనందిస్తాం."

"అవును, చదువుడు!" అని చుక్కమ్మ గంతేసింది. "ఎన్నాళ్ళైందో!"

జంబన్న ఒక్క క్షణం తడబడ్డాడు. కానీ పొగడ్త ముందు నక్క నిలుస్తుందా? దిబ్బ వెనక్కి వెళ్ళి, ఛాతీ విరిచి, బిళ్ళల మీద కాలు ఆనిస్తూ దండోరా వేసేవాడిలా మొదలెట్టాడు. "ఇది 'సింహాసనం'. ఇదిగో ఇది 'కిరీటం'. ఈ నిలువుది 'మహారాజు'. ఆ చివరిది 'జేజేలు'."

"ఆహా, మాటలంటే అవీ!" అంది చుక్కమ్మ.

"భలే తమ్ముడూ" అంది ఏదులమ్మ. "మా పోలయ్యన్నకి చెవి కాస్త మందం. సగమే వినపడిందట. ఇంకొక్కసారి, అదే వరసలో, నిదానంగా చదువు."

పోలయ్య చెవులు శుభ్రంగా పనిచేస్తాయి. ఐనా ఆయన ఏదులమ్మ మొహం చూసి, ఒక చెవి పైకెత్తి "ఊఁ?" అన్నాడు.

జంబన్న మళ్ళీ మొదటికొచ్చాడు. "ఇది 'సింహాసనం'. ఇది... 'మహారాజు'. ఈ నిలువుది..." అని గుటక వేశాడు. "ఈ నిలువుది 'పల్లకి'."

"ఆగాగు" అంది చుక్కమ్మ. "నిలువుది మహారాజన్నావు కదా ఇందాక?"

"అన్నానా? ఆ... మహారాజు పల్లకిలో ఉన్నాడు."

"రెండోది కిరీటమన్నావు. అదిప్పుడు మహారాజెలా అయింది?"

"కిరీటం పెట్టుకున్నాక మహారాజే గదా అవుతాడు వదినగారూ!"

"ఎవరికయ్యా నువ్వు చెప్పేది?" అని చుక్కమ్మ కొమ్ములు ముందుకు పెట్టి చరచరా దిబ్బ వెనక్కి వచ్చేసింది. వంగి చూసింది. ఒక బిళ్ళని మూతితో తిప్పి చూసింది, ఇంకొకటి తిప్పి చూసింది. "ఓరి నీ దుంప తెగ! ఇది బోర్లానే ఉంది! ఇది తలకిందులు! ఒక్క మాట లేదే ఇందులో! పది రోజులుగా మమ్మల్ని వెర్రివాళ్ళని చేశావన్నమాట!"

"మా జీడితోటలో ఇలాగే రాస్తారండీ" అన్నాడు జంబన్న, అప్పటికే రెండడుగులు వెనక్కేస్తూ.

"మరి జీడితోటకే వెళ్ళి చదువుకో!" అని చుక్కమ్మ ఒక్క కుమ్ము కుమ్మింది. నున్నగా దువ్విన తోకలో సగం దుమ్ము, సగం పెంకుముక్కలు. జంబన్న మొహం మాడ్చుకుని గెడ్డ గట్టుకేసి పరుగందుకున్నాడు.

మోసగాడి గెలుపు చెల్లదు గనక, తక్కువ బిళ్ళలు మిగిలినవాళ్ళదే గెలుపని తేలింది. ఏదులమ్మవి రెండు. గది మళ్ళీ ఆమెదే. అంతలో పెద్ద పెద్ద చినుకులు టపటపా పడ్డం మొదలైంది. బిళ్ళలు సంచిలోకి ఎత్తుకుని ఏదులమ్మ గుమ్మం దాకా పరిగెత్తి, ఎప్పటిలా అక్కడ ఆగింది. ఈసారి వెనక్కి తిరిగింది. పోలయ్య తన కప్పులేని పాకకేసి నడుస్తున్నాడు.

"ఎక్కడికన్నా? లోపలికి రా. వదినా, నువ్వూ రా. నా ముళ్ళంటే భయమని ఇన్నాళ్ళూ పిలవలేదు."

"ముళ్ళకేముందే?" అంది చుక్కమ్మ లోపలికి దూరుతూ. "మూరెడు ఎడంగా పడుకుంటే సరి. పిలిస్తే రాకపోతామా? పిలవందే ఎలా వస్తాం?"

పోలయ్య తలవంచి గుమ్మం దాటాడు. నేరుగా వచ్చి ఏదులమ్మ ఎడమ పక్కన కూలబడ్డాడు. ఆయన తోలు గాడిద తోలంత దళసరి కాదు, ఒకటి రెండు ముళ్ళు గుచ్చుకునే ఉంటాయి. కొంచెం జరిగి సర్దుకున్నాడు. ఏదులమ్మకి అప్పలస్వామి గుర్తొచ్చాడు. ఆ బాధ పోలేదు, పోదు కూడా, కానీ ఎడమ పక్క వెచ్చగా ఉంది. ఆ సాయంత్రం ఒకటే ఆట ఆడారు. చదువుడు మాత్రం చాలాసేపు సాగింది.

చదువుడు మధ్యలో బయటినుంచి ఏదో వినిపించింది. వాన హోరులో సన్నగా, ఆగి ఆగి.

"తియ్!... తియ్!"

చుక్కమ్మ గుమ్మంలోంచి తొంగి చూసి పగలబడి నవ్వింది. జంబన్న జీడితోటకి వెళ్ళలేదు. గెడ్డ పొంగి దారి మూసుకుపోయింది. పెంకుల గుట్ట సందులో నానిపోతూ కూర్చుని, అక్షరాల్లేని విరిగిన పెంకుముక్కలు తన ముందు కొన్ని, ఎదుట ఖాళీలో కొన్ని వేసుకుని, తనే అటు, తనే ఇటు ఆడుకుంటున్నాడు.

"చూశారా వాడి వేషాలు!" అంది చుక్కమ్మ.

ఏదులమ్మ నవ్వలేదు. ఆ కేక ఎలాంటిదో ఆమెకి తెలిసినంతగా అక్కడెవరికీ తెలీదు.

"వాణ్ణి లోపలికి పిలిచావంటే నేను బయటికి పోతాను, ముందే చెబుతున్నా" అని చుక్కమ్మ కొమ్ములు ఆడించింది. ఆమె కోపం న్యాయమైనదే. ఏదులమ్మ పిలవలేదు. సంచిలో చెయ్యి పెట్టి, వెతికి వెతికి ఒక బిళ్ళ తీసి, గుమ్మంలోంచి వానలోకి దొర్లించింది.

"ఏంటండీ ఇది?" అని అటునుంచి కేక.

"'అ'. రేపు పొద్దున దాన్ని సరిగ్గా నిలబెట్టి నాకు చదివి వినిపిస్తే, ఇంకోటిస్తాను."

జంబన్న ఏదో వెటకారం ఆడబోయి మానేశాడు. రాత్రి చీకటి పడే దాకా ఆ ఒక్క బిళ్ళనీ కాళ్ళ మధ్య పెట్టుకుని, ఏది పైవైపో ఏది కిందివైపో తెలియక, తిప్పుతూ తడుస్తూ కూర్చున్నాడు.

నీతి: తల దించుకుని ఎన్ని ఆటలైనా గెలవొచ్చు, మన పక్కన ఎవరున్నారో తెలియాలంటే మాత్రం ఒకసారి తల ఎత్తి వాళ్ళ వరస చదవాల్సిందే.